గెలుపుకు ఒక్కరు చాలు, లెక్కకు అందరూ కావాలి

(హనుమకొండలో ఒక వ్యాయామోపాధ్యాయుడి పేరిట ఏర్పాటైన స్మారక ఉపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం మనం కలుసుకున్నామో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద పెద్దక్షరాల్లో ఉంది. మనలో ఎవరమూ ఆయనను ఆ పేరుతో పిలవలేదు. డ్రిల్లు సారు అన్నాం, ఇళ్ళలోనూ అట్లాగే చెప్పుకున్నాం. కాబట్టి ఈ పూట కూడా సారు అనే అంటాను.

బడి నడిపినవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. సంక్రాంతి సెలవులు అయిపోగానే పదో తరగతి డ్రిల్లు పీరియడ్ మీద అందరి కన్నూ పడుతుంది. లెక్కల సారు ఒక రోజు అడుగుతాడు, సైన్సు టీచరు ఇంకో రోజు అడుగుతుంది, ఫిబ్రవరి వచ్చేసరికి టైంటేబులులో ఆ గడి పేరుకే మిగులుతుంది. మా సారును కూడా అడిగేవాళ్ళు. ఆయన కాదనేవారు కాదు. "తీసుకోండి, కానీ గ్రౌండులోనే చెప్పండి" అనేవారు. నవ్వుకుంటూ అన్నా అందులో ఒక విద్యా సిద్ధాంతం ఉంది. ఈ ఉపన్యాసం దాని గురించే.

ఒక పనిని మధ్యలో పెట్టి దాని చుట్టూ అన్ని పాఠాలూ చెప్పవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ ముందుపెట్టిన నయీ తాలీం అదే. అక్కడ మధ్యలో ఉన్నవి రాట్నం, వ్యవసాయం, చేతివృత్తులు. 2020 జాతీయ విద్యావిధానం ఆటలతో కలిపి పాఠాలు చెప్పాలని రాసుకుంది. స్కాట్లండులోని స్టిర్లింగులో ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ఎలెయిన్ వైలీ 2012లో పిల్లలను రోజూ పదిహేను నిమిషాలు బయటికి పంపి ఎవరికి చేతనైనంత వాళ్ళను ఉరకమన్నారు. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. యూనిఫాం మార్చుకోనక్కర లేదు, పోటీ లేదు, సామాను లేదు. రాట్నానికి దూది కావాలి, పరుగుకు అదీ అక్కర లేదు. పేదబడికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల దొరకదు.

నేను చెప్పదలచింది ఒక్క మాట. పరుగును పందెంగా మాత్రమే చూస్తే దానితో పని ఒక్కరికే, మొదట వచ్చినవారికి. పాఠంగా చూస్తే తరగతిలో ఉన్న నలభై మందీ కావాలి. గ్రాఫు గీయాలంటే ఆఖరున వచ్చిన పిల్లవాడి సెకన్లు కూడా మొదట వచ్చినవాడి సెకన్లంత విలువైనవే. అవి లేకపోతే సగటు తప్పుతుంది.

ముగ్గుపిండి జ్యామితి

లెక్కలతోనే మొదలుపెడతాను, నేను బతికింది వాటితోనే కాబట్టి.

మన హనుమకొండ జేఎన్ స్టేడియంలో 400 మీటర్ల పరుగు చూసినవాళ్ళకు ఒక అనుమానం వచ్చి ఉంటుంది. అందరూ ఒకే గీత మీద ఎందుకు నిలబడరు? బయటి లేనులో ఉన్న అమ్మాయి లోపలి అమ్మాయి కంటే ఎంతో ముందు నిలబడి ఉంటుంది. చిన్నపిల్లలు "అది తొండి" అంటారు. అక్కడే పాఠం మొదలుపెట్టాలి.

ప్రామాణిక ట్రాకులో రెండు తిన్నని భాగాలు, ఒక్కోటి 84.39 మీటర్లు. రెండు అర్ధవృత్తాలు. లోపలి అంచు వ్యాసార్ధం 36.50 మీటర్లు. అయితే ఎవరూ అంచును ఒరుసుకుంటూ ఉరకరు కనుక 30 సెంటీమీటర్లు బయటికి కొలుస్తారు. అంటే 36.80. దాన్ని రెండు పైతో గుణిస్తే 231.22 మీటర్లు, తిన్నని భాగాలు రెండూ కలిపి 168.78. మొత్తం కచ్చితంగా 400. వృత్తపరిధి సూత్రాన్ని బట్టీ పట్టిన పిల్లవాడు ఈ కూడిక చేసి 400 రాగానే ఒక్కసారి తల ఎత్తి చూస్తాడు. సూత్రానికి నేల దొరికిన క్షణం అది.

ఇప్పుడు తొండి సంగతి. ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు. రెండో లేను నుంచి గీతకు 20 సెంటీమీటర్లు బయట కొలుస్తారు కనుక రెండో లేను వాళ్ళు ఒక చుట్టులో 7.04 మీటర్లు ఎక్కువ తిరుగుతారు. ఆపైన ప్రతి లేనుకూ 7.67 మీటర్లు పెరుగుతుంది. ఆ మేరకు వాళ్ళను ముందు నిలబెడతారు. మన ఊరి బడి గ్రౌండులో ఇంత సరంజామా ఉండదు. సారు ఒక మేకు పాతి, తాడు కట్టి, తాడు చివర పట్టుకున్న పిల్లవాడిని చుట్టూ నడిపించి, వాడి వెనకే ఇంకొకడితో ముగ్గుపిండి పోయించేవారు. లేను వెడల్పు మీటరు అనుకుంటే ఒక చుట్టుకు తేడా 6.28 మీటర్లు. ఇందులో విచిత్రం ఏమిటంటే గ్రౌండు చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా మారదు. మేకు దగ్గర పది మీటర్ల తాడుతో గీసినా, వంద మీటర్ల తాడుతో గీసినా అదే 6.28. పిల్లలు నమ్మరు. నమ్మవద్దనే చెప్పాలి, రెండు తాళ్ళిచ్చి కొలుచుకొమ్మనాలి.

ఈ లెక్క పూర్తయ్యాక సాంఘికశాస్త్రం టీచరును పిలవండి. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టడం సమానత్వంలాగే కనిపిస్తుంది, కానీ బయటి లేను వాళ్ళు ఎక్కువ దూరం ఉరకాల్సి వస్తుంది. ముందు నిలబెట్టడంతో వాళ్ళకు దక్కేది అదే 400 మీటర్లు, ఒక్క అడుగు తక్కువ కాదు. రాజ్యాంగంలోని ప్రత్యేక అవకాశాల గురించి గంటసేపు చెప్పినా అర్థం కాని పిల్లలకు ఈ ముగ్గుగీత దగ్గర అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు ఇక్కడే, మన స్టేడియంలోనే జరిగాయి. పంజాబు అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించింది. 2002లో సునీతా రాణి నెలకొల్పిన జాతీయ రికార్డు ఓరుగల్లు నేల మీద చెరిగిపోయింది. ఈ ఒక్క వాక్యంతో ఒక వారం పాఠం చెప్పవచ్చు. 1500 మీటర్లంటే మూడు ముప్పావు చుట్లు, మరి మొదలుపెట్టే గీత ఎక్కడ ఉండాలి? చుట్టుకు ఎంత పట్టింది? 65 సెకన్ల పైచిలుకు. గంటకు ఎన్ని కిలోమీటర్లు? ఇరవై రెండు. మీ సైకిలు అంత వేగం పోతుందా? నాలుగో ప్రశ్నకు పిల్లలు జవాబు చెప్పరు, సైకిలు తెస్తారు.

కన్ను ముందు, చెవి వెనక

భౌతికశాస్త్రంలో ధ్వని పాఠానికి మా సారు చేసే ఏర్పాటు ఇంకా నా కళ్ళ ముందుంది. వంద మీటర్ల దూరంలో ఒక పిల్లవాడి చేతిలో రెండు చెక్కపలకలు. వాడు వాటిని తల మీదికెత్తి ఫట్టున కొడతాడు. ఈ చివర మేమంతా నిలబడి చూస్తాం. పలకలు కలవడం ముందు కనిపిస్తుంది. చప్పుడు కాస్త ఆగి వస్తుంది. ఆ "కాస్త" ఎంత? ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక వంద మీటర్లకు 0.29 సెకను. అందుకే స్టాప్‌వాచ్ పట్టుకున్నవాళ్ళు చప్పుడు విని నొక్కకూడదు, పిస్తోలు పొగ చూసి నొక్కాలి, పలకలైతే కలవడం చూసి నొక్కాలి. విని నొక్కితే ఉరికినవాడికి దాదాపు సెకనులో పదింట మూడు వంతులు కానుకగా ఇచ్చినట్టు. వంద మీటర్ల పందెంలో పతకాలు చేతులు మారడానికి అందులో పదో వంతు చాలు.

వేసవిలో ఇదే ప్రయోగం చేస్తే ఇంకో సంగతి పట్టుకోవచ్చు. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. నలభై డిగ్రీల మధ్యాహ్నం అది సెకనుకు 355 మీటర్ల దాకా వెళ్తుంది. ఈ తేడా మన చెవికి అందదు. చెవికి అందనిది లెక్కకు అందుతుందని తెలియడమే సైన్సు.

జీవశాస్త్రానికి వాచీ ఒక్కటి చాలు. కూర్చుని ఉన్నప్పుడు మణికట్టు దగ్గర నాడి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించమనండి. రెండు చుట్లు ఉరికి రాగానే మళ్ళీ లెక్క. నిమిషం తర్వాత మళ్ళీ, మూడు నిమిషాల తర్వాత మళ్ళీ. ఆ చుక్కలు కలిపితే ఒక వంపు వస్తుంది. నెల రోజులు పరుగు సాగాక మళ్ళీ గీస్తే, అదే పిల్లవాడి నాడి తొందరగా దిగడం చాలామందిలో కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో గుండె బొమ్మకు ఎరుపు, నీలం రంగులు వేసిన పిల్ల ఇప్పుడు తన గుండెకు తానే గ్రాఫు గీసింది. చెమట సంగతి కూడా ఇక్కడే. ఏప్రిల్ పొడిగాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరుతుంది. జూలై ముసురులో ఎంత కారినా ఒళ్ళు చల్లబడదు. ఎండాకాలం కుండ నీళ్ళు చల్లగా ఉండి వానాకాలం ఉండకపోవడానికి కారణమేదో దీనికీ అదే కారణం.

అన్నట్టు, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు ఎవరో ఈ పాఠంలోనే బయటపడతారు. తొందరగా ఆయాసపడే ఆడపిల్లకు రక్తహీనత ఉందేమో అన్న అనుమానం కూడా ఇక్కడే వస్తుంది. ఉరికించే ముందు "తిన్నావా బిడ్డా" అని అడగని ఉపాధ్యాయుడు స్టాప్‌వాచ్ పట్టుకోవడానికి తగడు.

కోట, టపా, చెరువు

చరిత్ర దగ్గరికి వస్తాను. వరంగల్ కోటలో రాతిగోడ వలయం వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని మీద 45 బురుజులు. చుట్టుకొలత ఎంత? పైతో గుణిస్తే 3.8 కిలోమీటర్లకు కాస్త తక్కువ. బురుజుకూ బురుజుకూ మధ్య ఎంత? దాదాపు 84 మీటర్లు. అంటే పిల్లల వంద మీటర్ల పందెం కంటే తక్కువ దూరంలో ఒక బురుజు. గోడ పొడుగునా ఉరికి ఈ లెక్క సరిచూసుకున్న పిల్లవాడికి, కాకతీయులు బురుజులు అంత దగ్గరగా ఎందుకు కట్టారో వేరే చెప్పనక్కర లేదు. ఒక బురుజు మీది నుంచి వేసిన బాణం పక్క బురుజు మొదలు దాకా కాపు కాయాలి. గోడ నిజంగా గుండ్రంగా ఉందా, కొలతకూ లెక్కకూ తేడా ఎంత వచ్చింది అన్నది వాళ్ళే తేల్చుకుంటారు.

ఇదే కోట చుట్టూ పరుగుకు సంబంధించిన ఇంకో చరిత్ర ఉంది. 1321లో ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ ప్రతాపరుద్రుడి మీదికి వచ్చి ఓరుగల్లును ముట్టడించాడు. నెలలు గడిచాయి. ఢిల్లీ నుంచి క్రమం తప్పకుండా వచ్చే టపా ఉన్నట్టుండి ఆగిపోయింది. సుల్తాను చనిపోయాడన్న పుకారు శిబిరంలో పుట్టింది. సేనానులు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు, ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనుదిరిగాడు. చరిత్రకారుడు బరనీ రాసిపెట్టిన సంగతి ఇది. 1323లో అతనే మళ్ళీ వచ్చి కోటను పట్టుకున్నాడన్నది వేరే కథ. కానీ మొదటిసారి ఓరుగల్లును కాపాడినవాటిలో కోటగోడలతో పాటు రాని ఉత్తరం కూడా ఉంది.

ఆ టపా ఎట్లా నడిచేదో కొద్దికాలం తర్వాత వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా వర్ణించాడు. గుర్రాల టపా ఒకటి, కాలినడక టపా ఒకటి. రెండోదానికి మైలుకు మూడు మజిలీలు. ఉరికేవాడి ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో రాగి గంటలు కట్టిన కర్ర. గంటల చప్పుడు వినగానే తర్వాతి మజిలీ మనిషి లేచి సిద్ధంగా నిలబడతాడు. సింధు నుంచి ఢిల్లీకి యాభై రోజుల ప్రయాణం అయితే వార్త అయిదు రోజుల్లో చేరేదట. మనుషుల టపా గుర్రాల టపా కంటే వేగం అని కూడా రాశాడు. ఎందుకు? పిల్లలతోనే తేల్చండి. ఒక్కడిని నాలుగు చుట్లు ఉరికించండి, తర్వాత నలుగురిని చుట్టు చొప్పున ఉరికించండి. రిలే పందెం సమయాలు చేతికి వచ్చాక మధ్యయుగపు పాలన గురించి వాళ్ళే మాట్లాడతారు. వార్తకు అలుపు లేదు, మోసేవాడికే అలుపు.

భూగోళం చెప్పడానికి కాకతీయులు మనకు గొలుసుకట్టు చెరువులు ఇచ్చిపోయారు. చెరువుకట్ట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉరికితే ఆయాసం ఒకే తీరుగా ఉంటుంది, కట్ట పైభాగం సమంగా ఉంటుంది కనుక. కట్ట దిగి కింది చెరువు దాకా పోయి తిరిగి ఉరికి రమ్మనండి. ఏ దిక్కు పల్లమో కాళ్ళు చెబుతాయి. మత్తడి కట్ట కంటే కిందికి ఎందుకు ఉందో, పై చెరువు నిండితేనే కింది చెరువుకు నీళ్ళు ఎందుకు వస్తాయో అప్పుడు పటం గీయమంటే గీస్తారు. నీటి దగ్గర పెద్దవాళ్ళు తోడుండాలని వేరే చెప్పనక్కర లేదు.

బమ్మెర పాఠం

తెలుగు సారును వదిలిపెట్టామనుకోవద్దు. పరుగు మీద రాయమంటే పిల్లలు "చాలా వేగంగా ఉరికాను" అని రాసి ఆగిపోతారు. వాళ్ళకు మన ఓరుగల్లు ప్రాంతంవాడే గురువు ఉన్నాడు. బమ్మెర పోతన గజేంద్రమోక్షంలో విష్ణువు ఏనుగు మొర విని బయలుదేరిన ఘట్టం చూడండి. ఎంత వేగంగా వెళ్ళాడన్నది పోతన చెప్పడు. వెళ్ళే తొందరలో ఏమేమి చేయలేదో చెబుతాడు. లక్ష్మికి చెప్పలేదు, ఆయుధాలు పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, వాహనం సిద్ధం చేయలేదు, చెదిరిన జుట్టు సవరించుకోలేదు, చేతిలో ఉన్న లక్ష్మి చీరచెంగు వదల్లేదు. ఒకదాని మీద ఒకటి "లేదు" పడుతుంటే మనకు ఊపిరి అందదు. ఈ కిటుకు తెలిసిన పిల్లను గ్రౌండులో ఉరికించి, "వేగం" అన్న మాట వాడకుండా రాయమనండి. "రిబ్బను ఊడింది, ఆగలేదు. అమ్మ పిలిచింది, వినలేదు" అని రాస్తుంది. పోతన పద్యం పరీక్ష కోసం కాక తన పని కోసం అక్కరకొచ్చింది.

కల్లెడ అమ్మాయి

ఇంతవరకు పాఠాల సంగతి. పరుగు బడికి నేర్పే పాఠం కూడా ఒకటి ఉంది.

మన పర్వతగిరి మండలం కల్లెడలో దీప్తి జీవాంజి పుట్టింది. తల్లిదండ్రులు కూలి పని చేసుకునేవాళ్ళు. మేధో వైకల్యం ఉన్న పిల్ల. ఊళ్ళో వెక్కిరించారు, పేర్లు పెట్టారు. కాగితం మీద ప్రశ్న, కాగితం మీద జవాబు అన్న పద్ధతి ఒక్కటే ఉంటే బడికి ఆ పిల్లలో కనిపించేది వెనకబాటు మాత్రమే. ఊరి బడిలో వ్యాయామోపాధ్యాయుడి కన్ను ఆమె కాళ్ళ మీద పడింది. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ శిక్షణలోకి వెళ్ళింది. 2024 మే 20న జపానులోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి అప్పటి ప్రపంచ రికార్డు సృష్టించింది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది.

నేను లెక్కల మాస్టారును కనుక ఇక్కడ కూడా ఒక లెక్క ఇస్తాను. పారిస్‌లో బంగారు పతకం సమయం 55.16. తేడా 0.66 సెకను. దీప్తి సగటు వేగం సెకనుకు సుమారు 7.17 మీటర్లు. గుణిస్తే అయిదు మీటర్ల లోపే. నాలుగు వందల మీటర్లలో అయిదు మీటర్లు ఎంత శాతమో ఏడో తరగతి పిల్లలు నోటితో చెప్పగలరు. ఆ చిన్న శాతం వెనక ఎన్నేళ్ళ పొద్దులున్నాయో చెప్పడానికి ఏ సూత్రమూ లేదు.

అయితే దీప్తి కథ విని ప్రతి బడీ ఒక దీప్తి కోసం వెతికితే మనం మళ్ళీ పందెం దగ్గరికే వెళ్ళినట్టు. కల్లెడ నేర్పేది వేరు. ఒక పిల్లను కొలవడానికి ఒక్క కొలబద్దే ఉన్న బడి సగం మందిని చూడకుండానే పంపించేస్తుంది. రెండో కొలబద్ద ఉండటం చాంపియన్ల కోసం కాదు, మిగిలిన అందరి కోసం.

చేయదగిన పనులు

చివరగా, ఉపాధ్యాయులకూ, సారు కుటుంబసభ్యులు ఆయన పేరిట నెలకొల్పిన ఈ నిధి పెద్దలకూ కొన్ని విన్నపాలు.

మొదటిది, పరుగును శిక్షగా వాడటం మానాలి. హోంవర్కు చేయనివాడిని "గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టు" అంటే వాడికి హోంవర్కూ రాదు, పరుగూ ఇష్టం కాదు. సారు ఏనాడూ ఆ పని చేయలేదు.

రెండోది, ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి ఆడపిల్లలు గ్రౌండు అంచుకు జరుగుతారు. చూసేవాళ్ళ మాటలు, మార్చుకోవడానికి గది లేకపోవడం, నెలసరి రోజుల ఇబ్బంది, ఇవన్నీ కలిసి వాళ్ళను కూర్చోబెడతాయి. వాళ్ళ అంకెలు లేని గ్రాఫు సగం గ్రాఫే. గదీ నీళ్ళూ ముందు, స్టాప్‌వాచ్ తర్వాత.

మూడోది, విద్యాహక్కు చట్టం 2009 ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే వ్యాయామవిద్యకు కనీసం పార్ట్‌టైం బోధకుడు ఉండాలంది. మీ ఊరి బడిలో ఉన్నారో లేదో గ్రామసభలో అడగండి. స్థలం లేని బడి అయితే ముప్పై మీటర్ల సందులోనైనా పోయి రావచ్చు, లెక్కకు అదీ చాలు.

నాలుగోది, ప్రతి బడిలో ఒక పరుగు రిజిస్టరు పెట్టండి. నెలకొకసారి ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ అదే దూరం ఉరకాలి. సమయం, నాడి, ఆ రోజు ఎండ, గాలి రాయాలి. రాసేది పిల్లలే. ర్యాంకు గడి పెట్టవద్దు. పక్కన "పోయిన నెల" అన్న గడి పెట్టండి. పోలిక ఎవరికి వారితోనే. ఆ రిజిస్టరు లెక్కల గదిలో ఒక రోజు, సైన్సు గదిలో ఒక రోజు, తెలుగు గదిలో ఒక రోజు ఉండాలి.

ఆఖరి విన్నపం నిధి పెద్దలకు. ఏటా ఈ నిధి వడ్డీతో మూడు కప్పులు కొని మొదటి, రెండో, మూడో స్థానాలకు ఇస్తున్నారు. వద్దనను. కానీ ఈ ఏడు ఆ డబ్బుతో యాభై మీటర్ల టేపులు, స్టాప్‌వాచ్‌లు కొని బడులకు పంచి చూడండి. కప్పు ముగ్గురి ఇళ్ళకు పోతుంది, టేపు బడిలో ఉంటుంది. వచ్చే ఏడు ఈ వేదిక మీద నాలాంటి ముసలివాడిని మాట్లాడించే బదులు ఏదైనా ఒక బడి పిల్లలను పిలవండి. వాళ్ళ రిజిస్టరు వాళ్ళే తెచ్చి, వాళ్ళ అంకెలు వాళ్ళే వివరిస్తారు. ప్రశ్నలు అడగడానికి నేను ముందు వరసలో కూర్చుంటాను.